శివరాత్రి గెణుసుగడ్డ పాయసం: చక్కెర, బెల్లం లేకుండా తీపి రాబట్టే పని (ప్రాజెక్టు డైరీ)

శివరాత్రికి ఆరు వారాల ముందు: షరతులు

కావాల్సింది జాగరణకి 100 కప్పుల పాయసం. వంటిల్లు కనిగిరిలో, పంచిపెట్టేది భైరవకోన దారిలో వేసే పందిట్లో. బియ్యం, గోధుమ, పప్పుదినుసులు ఉండకూడదు. చక్కెర, బెల్లం వద్దు. తాటిబెల్లం కూడా వద్దనే అనుకున్నాం. రుచికి దాన్ని మించింది లేదు, కానీ అదీ చాలావరకు సుక్రోజే, అంటే మామూలు చక్కెరలో ఉండేదే. "చక్కెర వేయలేదు" అని చెప్పి తాటిబెల్లం గుమ్మరించడం మాటల గారడీ అవుతుంది.

అన్నిటికన్నా చిక్కు షరతు వేరే ఉంది. ముందు స్వామికి నైవేద్యం, తర్వాతే జనానికి. అంటే ఆ రోజు వండేవాళ్లు రుచి చూడకూడదు. తీపి తగ్గిందని చివర్లో ఇంకో గుప్పెడు వేసే దారి మూసుకుపోయినట్టే. కాబట్టి ముందే చేసి, ముందే తిని, బరువు, వేడి, సమయం తేల్చేసుకోవాలి. ఆ రోజు నాలుక చేసే పని తక్కెడ, థర్మామీటర్ చెయ్యాలి.

ముఖ్యమైన సరుకు గెణుసుగడ్డ. చిలగడదుంప అన్నా ఇదే. శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టి తినడం ఎటూ ఉన్న ఆనవాయితీయే. తోడుగా సగ్గుబియ్యం, కొబ్బరిపాలు, కొద్దిగా ఖర్జూరం. సగ్గుబియ్యం కర్రపెండలం గడ్డ పిండితో చేసేది. సేలం నుంచి, మన పెద్దాపురం, సామర్లకోట వైపు నుంచి వస్తుంది. ధాన్యం కాదు కాబట్టి ఉపవాసానికి చాలా ఇళ్లలో అభ్యంతరం ఉండదు. కొన్ని ఇళ్లలో అదీ ముట్టరు. వాళ్ల కోసం 10 కప్పులు సగ్గుబియ్యం లేకుండా.

గడ్డ ఎంచడం

ఈ కాలంలో ఒంగోలు, కందుకూరు, పొదిలి బజార్లలో దొరికేది ఎక్కువగా ఎర్రతోలు, తెల్లకండ రకం. నారింజరంగు కండ ఉన్నవి అక్కడక్కడా కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటాయి, కెరోటిన్ ఎక్కువ, కానీ వాటిలో నీరెక్కువ, పిండి తక్కువ. మనం తీపి తియ్యబోయేది పిండిలోంచే కాబట్టి తెల్లకండే తీసుకున్నాం.

తవ్విన మర్నాడే తెచ్చిన గడ్డ చప్పగా ఉంది. అదే సంచిలోవి పన్నెండు రోజులు గోనె మీద పలచగా పరిచి, గాలి ఆడే వసారాలో ఉంచితే తీపిలో తేడా స్పష్టంగా తెలిసింది. నిలవలో కొంత పిండి చక్కెరగా మారుతుంది, కొంత నీరూ పోతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు. 12 డిగ్రీల కంటే చల్లగా ఉంటే నడిమి కండ గట్టిపడిపోతుంది, ఆ గట్టితనం ఎంత ఉడికించినా పోదు. రెండు గడ్డలు పెట్టి చూశాం. పైన వెన్నలా ఉన్నాయి, మధ్యలో పచ్చి ముల్లంగి కొరికినట్టు కరకరమన్నాయి.

ఇంకో శత్రువు ముక్కుపురుగు. తోలు మీద గుండుసూది మొనంత నల్లచుక్క ఉంటే లోపల సొరంగం ఉన్నట్టే. ఆ మేర కోసి పారేసి మిగతాది వాడదామనుకోవడం పొరపాటు. పురుగు తొలిచిన గడ్డ తన రక్షణకి చేదు పదార్థాలు తయారుచేసుకుంటుంది. అవి ఒంటికి మంచివి కావు, ఉడికిస్తే పోవు, తొలిచిన చోటికే పరిమితం కావు. ఒక్క గడ్డ చాలు మొత్తం గిన్నె చేదెక్కడానికి. రుచి చూడకుండా వండాలి కాబట్టి ప్రతి గడ్డనీ నిలువుగా చీల్చి, చూసి, వాసన పట్టి గాని గిన్నెలో వెయ్యకూడదు. మందుల వాసన లాంటిది వస్తే గడ్డ మొత్తం పారెయ్యడమే.

మొదటి విడత: ఒకే గడ్డ, మూడు మంటలు

ఒక పెద్ద గడ్డని మూడు ముక్కలు చేసి ఒకటి కుక్కర్లో మూడు విజిల్స్, ఒకటి ఇడ్లీపాత్రలో 35 నిమిషాలు ఆవిరి మీద, మూడోది కుంపటి బూడిదలో గంటంబావు కప్పెట్టాం. బూడిదలోది తేనెలా ఉంది. ఇడ్లీపాత్రది ఫర్వాలేదు. కుక్కర్ది అన్నంలో కలుపుకోవడానికి పనికొచ్చేంత చప్పన.

తేడాకి బూడిద మహిమ కారణం కాదు. గెణుసుగడ్డలో బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ పుష్కలంగా ఉంటుంది. పిండిని కొరికి మాల్టోజ్ అనే చక్కెరగా మార్చడం దాని పని. పచ్చి పిండి మీద దాని పళ్లు దిగవు. గడ్డ వేడెక్కి, 60 డిగ్రీలు దాటాక పిండి ఉబ్బి జిగురెక్కడం మొదలైతేనే దానికి పని. 80 దగ్గరికి వచ్చేసరికి ఎంజైమే చచ్చిపోతుంది. అంటే దానికి దొరికే కిటికీ 60 నుంచి 75 దాకా, అంతే. కుక్కర్ ఆ కిటికీని నాలుగైదు నిమిషాల్లో దాటించేస్తుంది. బూడిద అక్కడే అరగంట పైన కూర్చోబెడుతుంది.

కాబట్టి తీపి బయటినుంచి తెచ్చి పొయ్యక్కర్లేదు, గడ్డలోనే ఉంది. దాన్ని చంపకుండా తీసుకురావడమే పని. అలాగని 100 కప్పులకి సరిపడా గడ్డలు కుంపట్లో కాల్చలేం. ఆ కిటికీని గిన్నెలో ఎలా పట్టుకోవాలన్నదే మిగతా నెలంతా.

రెండో విడత: చెడింది

సులువైన ఆలోచనే. ముక్కలు కోసి 65 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచి, తర్వాత మరగనిస్తే సరి. బోరు నీళ్లే వాడాం. తీపి వచ్చింది, కానీ ముక్క మెత్తబడలేదు. 40 నిమిషాలు మరిగినా గరిటె కింద జారిపోయిందే గాని చిదమబడలేదు. పైగా ముక్కల అంచులు ఆకుపచ్చ కలిసిన బూడిదరంగుకి తిరిగాయి.

రెండింటికీ నీళ్లే కారణం. 60–70 డిగ్రీల దగ్గర గడ్డలో ఇంకో ఎంజైమ్ కూడా లేస్తుంది. అది కణాల్ని అతికించే పెక్టిన్‌ని, నీళ్లలోని కాల్షియంతో ముడిపడేలా మారుస్తుంది. ఆ ముడి పడ్డాక మరిగించినా విడదు. కనిగిరి బోరు నీళ్లలో ఉప్పదనానికి, సున్నానికి కొదవేముంది! ఇక పచ్చరంగు సంగతి: గడ్డలో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం క్షారగుణం ఉన్న నీళ్లలో పచ్చబడుతుంది, ఇనుము తగిలితే నల్లబడుతుంది. రెండోది కూడా ఇనపబాణలిలో చేసి చూసి రూఢి చేసుకున్నాం, గుజ్జు సిమెంటు రంగుకొచ్చింది. అక్కణ్ణించి కడగడానికి తప్ప బోరు నీళ్లు ముట్టలేదు. వంటంతా ఫిల్టర్ ప్లాంటు నీళ్లతో, స్టీలు గిన్నెలో.

మూడో విడత: పచ్చి తురుము

ఇక్కడ దారి దొరికింది. ముక్కని మెత్తబరచడం, తీపి తెప్పించడం రెండూ ఒకేసారి చెయ్యాలనుకోవడంలోనే తప్పుంది. విడదీశాం. ఎక్కువ భాగాన్ని ముందు ఆవిరి మీద పూర్తిగా ఉడికించి గుజ్జు చెయ్యాలి. దానిలో ఎంజైమ్ చచ్చిపోతుంది, పోనీ. చల్లారుతూ 70 డిగ్రీలకి వచ్చాక, పక్కన ఉంచుకున్న పచ్చి గడ్డని మెత్తగా రుబ్బి అందులో కలపాలి. పచ్చిదాంట్లో ఎంజైమ్ బతికే ఉంది, ఉడికినదాంట్లో పిండి ఉబ్బి సిద్ధంగా ఉంది. రెండూ కలిస్తే 66 దగ్గర ఆగుతుంది, కావాల్సిన చోటే.

10 కప్పుల లెక్క ఇది. తోలు తీసిన గడ్డ 500 గ్రాములు. అందులో 440 గ్రాములు అంగుళం మందాన చక్రాలుగా కోసి ఇడ్లీపాత్రలో 25 నిమిషాలు. మిగతా 60 గ్రాములు పచ్చిగానే సన్నగా తురిమి, నాలుగు చెంచాల చన్నీళ్లతో మిక్సీలో గంధంలా రుబ్బాలి. తురుము అలాగే వేస్తే పలుకులు పంటికింద తగుల్తాయి, ఎంజైమ్ కూడా సరిగ్గా కలవదు. ఉడికిన చక్రాల్ని 150 మిల్లీల వేడినీళ్లతో చిదిమి, పీచు కోసం జల్లెడ పట్టి, వేడి 70కి దిగాక పచ్చి ముద్ద కలిపి, హాట్‌బాక్స్‌లో మూత బిగించి 45 నిమిషాలు. హాట్‌బాక్స్‌ని ముందు మరిగే నీళ్లతో ఐదు నిమిషాలు నింపి పారబొయ్యాలి. చల్లటి హాట్‌బాక్స్ మొదటి పది నిమిషాల్లోనే 6 డిగ్రీలు మింగేసింది. కాచినది 45 నిమిషాల తర్వాత కూడా 60 మీద ఉంది.

మూత తీస్తే గుజ్జు మారిపోయి ఉంటుంది. పెట్టేటప్పుడు గరిటెకి ముద్దలా అంటుకున్నది ఇప్పుడు జారుతుంది, పైన కాస్త తేట కనబడుతుంది. గంటంబావు దాకా ఉంచి చూశాం. 45 నిమిషాల దగ్గర వచ్చిన తీపికీ దానికీ పెద్ద తేడా లేదు, వేడి తగ్గి పులుపు వాసన తగిలే ప్రమాదం మాత్రం పెరిగింది.

రుచి చూడకుండా ఇది జరిగిందని తెలిసేదెలా? మొదట బెటాడిన్ (గాయాలకి రాసే అయోడిన్ మందు) చుక్క వేసి చూశాం. పిండి ఉంటే నల్లనీలం అవుతుంది కదా, రంగు పోతే పిండి పోయినట్టు అనుకున్నాం. పనికిరాలేదు. బీటా అమైలేజ్ పిండి గొలుసుల్ని కొసల నుంచి కొరుకుతుంది, కొమ్మ చీలిన దగ్గర ఆగిపోతుంది. మిగిలిన మొద్దులు నీలంగానే పట్టుకుంటాయి. తీపి నిండా ఉన్న గుజ్జూ నీలమే, చప్పదీ నీలమే. దానికంటే పళ్లెం పరీక్ష నయం. ఒక చెంచా గుజ్జు స్టీలు పళ్లెంలో పరిచి, వేలితో గీత గియ్యాలి. కలిపిన వెంటనే గీత నిలబడి ఉంటుంది. 45 నిమిషాల తర్వాత గీసిన గీత ఐదు లెక్కపెట్టేలోగా పూడుకుపోవాలి. పూడకపోతే ఇంకో 15 నిమిషాలు. ఆ చెంచాడు గుజ్జు మళ్లీ గిన్నెలో వెయ్యకూడదు.

నాలుగో విడత: నీళ్లొదిలిన పాయసం

హాట్‌బాక్స్ నుంచి తీసిన గుజ్జుని నేరుగా ఉడికిన సగ్గుబియ్యంలో కలిపేశాం. పది నిమిషాలు చిక్కగా, అందంగా ఉంది. అరగంటకి పులుసు. గింజలు అడుక్కి దిగి, పైన పలచటి నీళ్లు. ఎంగిలి చెంచా పెట్టిన పాయసం ఎలా నీళ్లొదులుతుందో సరిగ్గా అలాగే. పోలిక ఊరికే చెప్పింది కాదు. ఉమ్మిలో ఉండేదీ అమైలేజ్ జాతి ఎంజైమే. మనం గుజ్జులో బతికించుకున్నది వెళ్లి సగ్గుబియ్యం పిండిని కూడా తినేసింది.

విరుగుడు ఒకటే. తీపి వచ్చాక ఎంజైమ్‌ని చంపాలి. గుజ్జుని వేరే గిన్నెలో సన్నసెగ మీద, అడుగు నుంచి బుడగలు లేచాక ఐదు నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. పచ్చి ముద్దలోని పిండి కూడా అప్పుడే పూర్తిగా ఉడుకుతుంది. చక్కెర తేలిన గుజ్జు కాబట్టి ఇట్టే అడుగంటుతుంది, చేతిలో గరిటె ఆగకూడదు. ఇక్కడ ఉదయగిరి చెక్క గరిటె స్టీలుదాని కంటే బాగా పనిచేసింది. అంచు బల్లపరుపుగా ఉన్నది ఎంచుకుంటే అడుగంతా ఒక్క తోపుకి గీరుకొస్తుంది. ఉల్లి, వెల్లుల్లి తాళింపుల్లో తిరిగిన చెక్క గరిటె మాత్రం దీనికి వాడొద్దు, చెక్క వాసనని వదలదు.

సగ్గుబియ్యం, కొబ్బరిపాలు, ఖర్జూరం

సగ్గుబియ్యం 10 కప్పులకి 60 గ్రాములు, సన్న రకం. రెండుసార్లు చన్నీళ్లలో కడిగి, అరగంట నానబెట్టి, నీళ్లు ఓడ్చాలి. 350 మిల్లీల రెండో కొబ్బరిపాలు (మొదటిపాలు తీశాక అదే తురుముని నీళ్లతో మళ్లీ పిండినవి), 200 మిల్లీల నీళ్లు ఎసరు పెట్టి, తెర్లుతున్నప్పుడు పొయ్యాలి. గోరువెచ్చని ఎసట్లో పోస్తే గింజ పైపొర కరిగి జిగురై ముద్ద కడుతుంది. గింజ మధ్యలో తెల్లచుక్క ఆవగింజంత మిగిలినప్పుడు మంట ఆపి మూత పెడితే మిగతాది ఆవిరికే ఉడుకుతుంది. పూర్తిగా గాజులా అయ్యేదాకా మంట మీదే ఉంచితే పంచే సమయానికి గింజ మిగలదు.

ఆవుపాలతో ఒక విడత చేశాం. ఖర్జూరం ముద్ద వేశాక మరిగిస్తే సన్నగా విరిగాయి. కొబ్బరిపాలకి మారడానికి అదొక్కటే చాలు. ఒక మోస్తరు కాయ తురుము 150 గ్రాములకి మొదటిపాలు 150 మిల్లీలు. మొదటిపాలు ఎప్పుడూ మంట ఆర్పాక, పాయసం 80 కంటే దిగాకే. మరిగితే నూనె చుక్కలు పైకి తేలి, కింద పెరుగు విరిగినట్టు కనిపిస్తుంది. తినడానికి హాని లేదు, చూసినవాళ్లు మాత్రం కప్పు పక్కన పెడతారు.

ఖర్జూరం గింజ తీసి 60 గ్రాములు, అంటే కప్పుకి 6. వేడినీళ్లలో అరగంట నానబెట్టి, రుబ్బి, తోలు పొరలు పోయేలా వడగట్టాలి. కుక్కర్ గడ్డతో చేసినప్పుడు అదే తీపికి కప్పుకి 15 గ్రాములు పట్టింది. అసలు ఖర్జూరం లేకుండా చేస్తే పెద్దవాళ్లకి సరిపోయింది, పిల్లలు మొహం చిట్లించారు. మాల్టోజ్ తీపి చక్కెర తీపిలో సగం కూడా ఉండదు, అది మెల్లగా నాలుక మీద పాకే తీపి. దాన్ని చక్కెర పాయసంతో పోల్చుకోకూడదు గాని, పోల్చుకుంటారు. ఎండుఖర్జూరం పొడి కూడా వాడి చూశాం. ఇసక నమిలినట్టుంది, వదిలేశాం.

ఏలకులు నాలుగు, సైంధవ లవణం చిటికెడు, చెంచాడు నేతిలో వేయించిన వేటపాలెం జీడిపప్పు 20 గ్రాములు. ఉప్పు మర్చిపోతే తీపి కూడా తగ్గినట్టు అనిపిస్తుంది. ఈ ఒక్క చిటికెడు కోసం కాగితం మీద ఎర్రపెన్నుతో గుండ్రం చుట్టాం.

ఇది "షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు" అనే పాయసం కాదు. కప్పు సుమారు 120 గ్రాములు. అందులో గడ్డ నుంచి 10, సగ్గుబియ్యం నుంచి 5, ఖర్జూరం నుంచి 4, మొత్తం 20 గ్రాములకి అటూఇటూ పిండిపదార్థం ఉంటుంది. పైగా మాల్టోజ్ కడుపులో పడగానే గ్లూకోజ్ అవుతుంది. పగలంతా పస్తు ఉండి, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. ఆరోగ్యం అనే మాట దీనికి తగిలేది రెండు చోట్లే: పోసిన చక్కెర లేదు, కప్పు చిన్నది.

పెద్ద గిన్నె విడత, శివరాత్రికి వారం ముందు

పదిరెట్లు చేస్తే అన్నీ పదిరెట్లే అవుతాయనుకోవడమే ఇక్కడ ముంచింది. 6 కిలోల గుజ్జు గిన్నెలో అంచు దగ్గర థర్మామీటర్ పెడితే 69 చూపించింది. పచ్చి ముద్ద కలిపేశాం. 45 నిమిషాల తర్వాత పళ్లెం పరీక్షలో గీత గీసింది గీసినట్టే ఉంది. నడిమధ్యలో థర్మామీటర్ ముల్లు దించితే ఇంకా 78. అంచు చల్లారిందే గాని మధ్యలో నిప్పులా ఉంది, కలిపిన ఎంజైమ్‌లో ఎక్కువ భాగం అక్కడే మాడిపోయింది. ఆ విడత చప్పటి పాయసం.

సరిచేసుకున్న పద్ధతి ఇది. గుజ్జుని వెడల్పాటి రెండు పళ్లాల్లో రెండంగుళాల మందానికి పరిచి, అడుగు నుంచి కలుపుతూ చల్లార్చాలి. మూడు చోట్ల ముల్లు దించి మూడూ 70, 71 మధ్య ఉంటేనే పచ్చి ముద్ద వెయ్యాలి. తర్వాత ఒకే పెద్ద హాట్‌బాక్స్. పెద్ద మోతాదు వేడిని బాగా నిలుపుకుంటుంది, గంటకి 3 డిగ్రీలే దిగింది. పచ్చి ముద్ద మాత్రం కలిపే ముందే రుబ్బాలి. గంట ముందు రుబ్బి ఉంచితే నల్లబడి, ఆ రంగు పాయసానికి పట్టింది.

100 కప్పులకి కొనాల్సిన గడ్డ 7 కిలోలు. తోలు, పురుగు, పీచు పోను 5 కిలోలు చేతికొస్తాయి.

శివరాత్రి రోజు

మధ్యాహ్నం 2కి గడ్డలు చీల్చడం మొదలు. రెండు గడ్డల్లో సొరంగం, పారేశాం. 4.10కి పచ్చి ముద్ద కలిపాం, 66 డిగ్రీలు. 4.55కి పళ్లెంలో గీత ఐదులోపే పూడింది. 5.15కి గుజ్జు మరిగి పక్కకి దిగింది. 6.30కి నైవేద్యం గిన్నె వేరుగా తీసి, మొదటిపాలు కలిపాం.

పందిరికి వెళ్లే పాయసంలో మొదటిపాలు కలపలేదు. కొబ్బరిపాలు బయట ఉంటే మూడు నాలుగు గంటల్లో పులుపెక్కుతాయి. పాయసం 60 డిగ్రీలకి తగ్గకుండా హాట్‌బాక్సుల్లో, మొదటిపాలు ఐసు డబ్బాలో వేరుగా వెళ్లాయి. అక్కడ పంచేముందు వాయికి కొలత ప్రకారం కలిపారు. చల్లారేకొద్దీ పాయసం బిగుస్తుంది కాబట్టి కప్పుకి 20 మిల్లీల చొప్పున వేడినీళ్ల ఫ్లాస్కు కూడా పెట్టాం. రాత్రి 11 దాటాక అది అవసరపడింది.

నైవేద్యం అయ్యాకే తీపి సరిపోయిందని తెలిసింది. జీడిపప్పు ఎక్కువైందన్నారు, ఉప్పు గురించి ఎవరూ ఏమీ అనలేదు. మూడు కప్పులు మిగిలాయి. తెల్లవారి చూస్తే రెండు గట్టిగా పేరుకుని ఉన్నాయి. మూడోది నీళ్లొదిలింది. దాంట్లో చెంచా ఉంది.